మన్ననూర్‌కు దక్షిణాన 9,400 కిలోమీటర్లు

పాలమూరు నేల మీది మన్ననూర్ నుంచి నేరుగా దక్షిణానికి ఒక గీత గీయండి. నల్లమల దాటి, కృష్ణ దాటి, కడప మీదుగా, తిరుచ్చి పక్కనుంచి సాగి, రామనాథపురం దగ్గర ఆ గీత సముద్రంలోకి దిగుతుంది. శ్రీలంక ఎడమచేతికి ఉండిపోతుంది. ఆ తర్వాత నేల అన్నదే తగలదు. హిందూ మహాసముద్రం మొత్తం దాటాక, సుమారు 9,400 కిలోమీటర్ల అవతల, అది అంటార్కిటికా తీరాన్ని తాకుతుంది. తాకే చోటికి దగ్గర్లోనే ఆస్ట్రేలియా వాళ్ల డేవిస్ కేంద్రం ఉంది. అక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, లార్సమన్ కొండల్లో, మన దేశపు భారతి కేంద్రం ఉంది. రేఖాంశం ఇంచుమించు ఒకటే కాబట్టి మన్ననూర్‌లో మిట్టమధ్యాహ్నం అయ్యే వేళకే అక్కడా మధ్యాహ్నం అవుతుంది.

ఒకప్పుడు ఈ రెండు నేలల మధ్య ఇంత దూరం లేదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా మహాఖండం చీలేదాకా భారతదేశపు తూర్పు అంచు, అంటార్కిటికాలోని ఆ ప్రాంతం కలిసే ఉండేవి. మన తూర్పు కనుమల శిలలకూ అక్కడి రేనర్ ప్రాంతపు శిలలకూ వయసులో, స్వభావంలో పోలిక కుదురుతుంది. సింగరేణి బొగ్గు దొరికే గోదావరి లోయ పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే అంతరించిపోయిన చెట్టు ఆకుల అచ్చులు కనిపిస్తాయి. అవే ఆకుల అచ్చులు అంటార్కిటికా రాళ్లలోనూ ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువాన్ని చేరి, తిరుగుదారిలో చనిపోయిన రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ బృందం సామాన్లలో సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. తిండి అడుగంటినా, కాళ్లు గడ్డకట్టినా ఆ రాళ్లను వాళ్లు బండి మీదనుంచి దించలేదు. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి. ఆ బరువును వదిలేయని మనుషుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

స్కాట్ పోయేనాటికి ఆయన కొడుకు పీటర్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. గుడారంలో భార్యకు రాసిన ఆఖరి ఉత్తరంలో, వీలైతే పిల్లవాడికి ప్రకృతిశాస్త్రం మీద ఇష్టం కలిగించమని స్కాట్ కోరాడు. తన దారినే రమ్మని, ధ్రువానికి నడవమని రాయలేదు. పీటర్ స్కాట్ పక్షుల్ని చూస్తూ, బొమ్మలు వేస్తూ పెరిగాడు. 1946లో ఇంగ్లండులోని స్లిమ్‌బ్రిడ్జ్‌లో నీటిపక్షుల సంరక్షణ కేంద్రం పెట్టాడు. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధిని స్థాపించిన వారిలో ఆయనొకడు. ఆ సంస్థ పాండా గుర్తు గీసింది ఆయనే. అంటార్కిటికా చూడటానికి తర్వాతెప్పుడో వెళ్లాడు.

మన కాలంలోనే ఇంకొక తండ్రీకొడుకులున్నారు. స్కాట్ కథ విని ధ్రువాల మీద మనసు పడిన రాబర్ట్ స్వాన్, మరో ఇద్దరితో కలిసి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, 1986 జనవరి 11న దక్షిణ ధ్రువం చేరాడు. వెంట రేడియో కూడా తీసుకెళ్లలేదు. ఓజోన్ పొరకు చిల్లు పడిందని శాస్త్రవేత్తలు ప్రకటించింది దానికి ముందటేడే. ఆ చిల్లు గుండా పడే ఎండలో నడిచి తన ముఖచర్మం కమిలిందని, కళ్ల రంగే మారిందని ఆయన చెబుతుంటాడు. 1989లో ఉత్తర ధ్రువానికి నడిచాడు. తర్వాత అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ దీవి నుంచి 1,500 టన్నుల చెత్తను తీయించే పనికి పూనుకున్నాడు. 2017 చివర్లో ఆయన, కొడుకు బార్నీ కలిసి మళ్లీ ధ్రువానికి బయలుదేరారు. ఈసారి పెట్టుకున్న నియమం కొత్తది. మంచు కరిగించడానికీ వండుకోవడానికీ సౌరశక్తి, జీవ ఇంధనం వంటివే వాడాలి. అరవై దాటిన తండ్రి తన నడక జట్టుకు అందడం లేదని మధ్యదారిలో ఆగిపోయాడు. కొడుకు 2018 జనవరిలో ధ్రువం చేరాడు.

ఈ రెండు కుటుంబాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. తండ్రి ధ్రువానికి నడిచాడని కొడుకు ఒంటికి చలి తగ్గదు. శరీరం చలికి అలవాటు పడటం చాలా స్వల్పం, ఆ స్వల్పం కూడా బిడ్డకు అందదు. అందేది అలవాట్లు, జాగ్రత్తలు, ఏది మోసుకెళ్లాలో ఏది వదిలేయాలో తెలిసిన తెలివి. అవి కన్నవాళ్ల దగ్గరే నేర్చుకోవాలనీ లేదు. మంచు మొహం ఎరగని పాలమూరు మనిషి కూడా నేర్చుకోవచ్చు. అంటార్కిటికాకు తయారుకావడం అంటే చాలావరకు అదే.

దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రంలో పనిచేసిన మంగళా మణి 56 ఏళ్ల వయసులో భారతికి వెళ్లి, 403 రోజులు గడిపి, 2017 డిసెంబరులో తిరిగొచ్చారు. 23 మంది జట్టులో ఆమె ఒక్కరే మహిళ. అంతకు ముందు తాను మంచు కురవడం చూసి ఎరగనని ఆమె చెప్పారు. ఆమె పని ఉపగ్రహాలతో. భూమిని ఫొటోలు తీసే మన ఉపగ్రహాలు ఉత్తర దక్షిణాలుగా, రోజుకు పద్నాలుగు సార్లకు కాస్త అటూఇటూగా భూమిని చుడతాయి. ఒకప్పటి పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ కేంద్రానికి ఒక్కో ఉపగ్రహం రోజులో కొన్నిసార్లే కనిపిస్తుంది. ధ్రువానికి దగ్గరగా ఉన్న భారతికి చాలా చుట్టుల్లో కనిపిస్తుంది. అందుకే 2013లో అక్కడ డిష్ పెట్టారు. అది అందుకున్న సమాచారం మళ్లీ ఉపగ్రహం ద్వారానే షాద్‌నగర్ చేరుతుంది. నల్లమలలో ఎంత పచ్చదనం ఉందో, ఎక్కడ అడవి కాలిందో చూపే చిత్రాల్లో కొన్ని అలా మంచుఖండం మీదుగా వచ్చినవే కావచ్చు.

అక్కడికి వెళ్లేవాళ్ల ఎంపిక ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలవుతుంది. ఒంటికీ మనసుకూ పరీక్షలు చేస్తారు. గుండె, ఊపిరితిత్తులు, పళ్లు, అపెండిక్స్, అన్నీ చూస్తారు. కారణం 1961లో దొరుకుతుంది. అంటార్కిటికాలో మన మరో కేంద్రమైన మైత్రికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న సోవియట్ కేంద్రం నొవొలజరెవ్స్కయాలో అప్పుడు ఒకే ఒక్క డాక్టరు, లియొనిద్ రొగొజొవ్. ఆయనకే అపెండిక్స్ వాచింది. బయటికి తీసుకెళ్లే దారి లేదు. అద్దం పట్టించుకుని, మత్తుసూది వేసుకుని, తన పొట్ట తానే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు, బతికాడు. చలికాలం ఆరంభమయ్యాక ఓడ రాదు, విమానం దిగదు. జట్టులో డాక్టరు ఉంటాడు గానీ పెద్దాసుపత్రి ఉండదు.

ఎయిమ్స్ తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీ, బదరీనాథ్ వైపు మంచుకొండలకు తీసుకెళ్తారు. బరువైన సంచులు వీపున వేసి గంటల తరబడి నడిపిస్తారు. ఒళ్లు గట్టిపడటానికే కాదు, ఎవరు అలసిపోతే ఎవరు ఆగి చూస్తారో తెలియడానికి కూడా. మంచు నేల కింద కంటికి కనబడని చీలికలుంటాయి. పైన పలచటి మంచుపొర వంతెనలా కప్పి ఉంటుంది. నడిచేవాళ్లు నడుముకు పట్టీలు కట్టుకుని ఒకే తాడుకు వరసగా కట్టుకుంటారు. తాడు వదులుగా వేలాడకూడదు. వదులైతే ఒకరు పడ్డప్పుడు ఆ వదులు మొత్తం వేగంగా మారి రెండోవాణ్ని కూడా లాగేస్తుంది. ముందువాడు కర్రతో పొడిచి చూస్తూ అడుగేస్తాడు. అతను పడితే వెనకవాళ్లు వెంటనే నేలకు వాలి, మంచుగొడ్డలి దిగేసి బరువు ఆపాలి. ఇది ఆలోచించి చేసే పని కాదు, చేతులకు వచ్చేసి ఉండాలి. మన్ననూర్ చుట్టుపక్కల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చెంచులు కొండచరియకు పట్టిన తేనెపట్టు కోసం తాడు మీద లోయలోకి దిగేటప్పుడు, పైన తాడు దగ్గర బామ్మర్దిని కాపలా ఉంచడం పాత ఆచారం. కింద వేలాడేది తన తోబుట్టువు పెనిమిటి, కాబట్టి వాడు రెప్ప వేయడు. తాడు గట్టిదో కాదో చూసుకుంటే సరిపోదు, పైన ఎవరున్నారో చూసుకోవాలన్న ఎరుక ఇక్కడ తరతరాలుగా ఉంది. ధ్రువయాత్రల వాళ్లు జట్టును ఏరుకునేటప్పుడు వెతికేది ఆ ఎరుకనే.

ఇక చలి. చలి తగలగానే శరీరం ముందు చేసే పని, చర్మంలో, వేళ్లలో రక్తనాళాల్ని బిగించడం. గుండెను, మెదడును వెచ్చగా ఉంచేందుకు వేళ్లను పస్తు పెడుతుంది. తర్వాత వణుకు మొదలవుతుంది. వణుకంటే కండరాలు పని లేకుండా కదిలి వేడి పుట్టించడమే. కొన్ని వారాలు చలిలో ఉన్నవాళ్లకు వణుకు కొంత తగ్గుతుంది, చలి మీద భయం తగ్గుతుంది. కానీ భయం తగ్గినంతగా భద్రత పెరగదు. కొత్తవాడు గ్లవ్ తీయడానికి జంకుతాడు, అలవాటైనవాడు ఒక్క నిమిషమే కదా అని తీస్తాడు. మంచుకాటు పడేది ఆ నిమిషంలోనే.

గాలి ఉంటే లెక్క మారిపోతుంది. మన ఒంటి చుట్టూ మనమే వేడెక్కించుకున్న పలచటి గాలిపొర ఉంటుంది. గాలి వీస్తే అది కొట్టుకుపోతుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 34తో సమానం. ఈ లెక్కకు పునాది వేసింది పాల్ సిపుల్. స్కౌటు కుర్రాడిగా 1928లో అన్వేషకుడు బర్డ్ జట్టుతో తొలిసారి అంటార్కిటికా వెళ్లిన ఆయన, తర్వాత 1940 ప్రాంతంలో తోటి శాస్త్రవేత్త పాసెల్‌తో కలిసి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి గాలిలో వేలాడదీసి, ఎంతసేపట్లో గడ్డకడతాయో కొలిచాడు. అంటార్కిటికా తీరంలో గాలి ఊరికే వీయదు. లోపలి ఎత్తైన మంచుపీఠం మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి జారుతుంది. అందుకే ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా అది మనిషిని నిలబడనీయదు.

అయితే అక్కడి వాళ్లు చలికన్నా ఎక్కువగా భయపడేది చెమటకు. వినడానికి వింతగా ఉన్నా, బట్టల సంగతి మొత్తం దాని చుట్టే తిరుగుతుంది. నీరు వేడిని గాలికన్నా సుమారు 25 రెట్లు త్వరగా లాగేస్తుంది. బరువు లాగుతూ ఒంటికి చెమట పట్టించుకున్నవాడు, ఆగిన పది నిమిషాల్లో ఆ తడిలోనే గడ్డకడతాడు. గద్వాల నేత చూసి మురిసే ప్రాంతం మనది, పత్తి పండించే ప్రాంతం. మన ఎండల్లో నూలు బట్ట కన్నా హాయి లేదు, ఎందుకంటే నూలు పోగు చెమటను తనలోకి తాగి, మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అంటార్కిటికాలో ఆ గుణమే చేటు. తడిసిన నూలు ఒంటికి అతుక్కుపోతుంది, పోగుల మధ్య గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఉండదు. ఉన్ని దారి వేరు. తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పోగు లోపల దాచుకుని కూడా పైకి తడిగా తోచదు, ముడతలు తిరిగిన పోగు కుంగదు కాబట్టి గాలి అలాగే నిలుస్తుంది. వానలో గొర్రెల వెంట తిరిగే పాలమూరు కురుమలు గొంగడి ఎందుకు కప్పుకుంటారో ఈ ఒక్క భౌతికశాస్త్ర సూత్రం చెబుతుంది. అందుకే లోపల చెమటను బయటికి పంపే పలచటి ఉన్ని, మధ్యలో గాలిని పట్టి ఉంచే మందపాటిది, పైన గాలిని ఆపేది, ఇలా పొరలు పొరలుగా వేసుకుంటారు. నడక మొదలుపెట్టే ముందే ఒక పొర తీసేయాలి. కాస్త చలిగా బయలుదేరాలి. ఆగగానే, చలి వేయకముందే తొడుక్కోవాలి. మన శరీరం అడిగే దానికి ఇది పూర్తిగా ఎదురు. అందుకే నెలల తరబడి సాధన కావాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కేంద్రంలో ఉండేవాళ్లకు వంటశాల ఉంటుంది, పప్పు, అన్నం, చపాతీలు దొరుకుతాయి. మంచు మీద సామాను బండి లాగుతూ నడిచేవాళ్ల సంగతే కష్టం. 1992, 93లో రనల్ఫ్ ఫియెన్స్, డాక్టర్ మైక్ స్ట్రౌడ్ ఖండాన్ని కాలినడకన దాటినప్పుడు కొన్ని రోజుల్లో వాళ్ల ఒళ్లు 10,000 కేలరీలకు పైగా ఖర్చు చేసిందని స్ట్రౌడ్ తానే కొలిచాడు. తిన్నది అందులో సగమే. ఇద్దరూ చెరొక 20 కిలోలకు పైగా తగ్గారు. నెయ్యి వంటి కొవ్వుకు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థానికి 4. మోసే ప్రతి గ్రామూ లెక్కే కాబట్టి కొవ్వునే నమ్ముకుంటారు. నీళ్లు మరో సమస్య. చల్లటి గాలిలో తేమ ఉండదు, ప్రతి ఊపిరితో ఒంట్లో నీరు పోతుంది, కానీ దాహం వేయదు. కాబట్టి వేళకు తాగడం అలవాటు చేసుకోవాలి. ఆ పొడిగాలి వల్లే కేంద్రాల్లో అందరినీ ఎక్కువగా బెదిరించేది నిప్పు. చుట్టూ ఖండమంతా మంచే ఉన్నా, ఆర్పడానికి నీళ్లు దొరకవు. మంటలార్పే శిక్షణ లేకుండా ఎవరినీ పంపరు.

భారతిలో మే నెలాఖరు నుంచి జులై మధ్యదాకా సూర్యుడు ఉదయించడు. మన్ననూర్‌లో రోహిణీ కార్తె ఎండలు మండే రోజుల్లో అక్కడ నెలన్నరకు పైగా సాగే రాత్రి మొదలవుతుంది. మన కంటిలో చూపుకు పనికిరాని కొన్ని కణాలున్నాయి. వాటి పని వెలుతురును, ముఖ్యంగా నీలి వెలుతురును పసిగట్టి, మెదడులోని గడియారాన్ని రోజూ సరిచేయడం. పొద్దు పొడవకపోతే ఆ గడియారం తన ఇష్టానికి నడుస్తుంది. ఒకరికి పగలు నిద్ర వస్తుంది, మరొకరికి తెల్లవారుజామున ఆకలి వేస్తుంది, జట్టులో ఎవరి వేళ వారిదవుతుంది. దానికి తోడు ఒకే ముఖాలు, ఒకే గదులు. జర్మనీ వాళ్ల నోయిమేయర్ కేంద్రంలో 14 నెలలు గడిపిన తొమ్మిది మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో, జ్ఞాపకానికి అవసరమైన మెదడు భాగం ఒకటి సగటున 7 శాతం దాకా కుంచించుకుపోయినట్టు తేలింది. ఒంటరితనం మనసులోనే కాక మాంసంలో కూడా గుర్తు వదులుతుందన్న మాట. పరిశోధకులు గమనించిన ఇంకో సంగతి నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. కొన్ని జట్లలో మనసు కుంగేది ఆరంభంలో కాదు, చీకటి నడిమిలో కూడా కాదు, సగం గడిచిపోయాక, మూడో పాదంలో. సగం అయిపోయిందన్న సంతోషం తీరగానే, అంతే కాలం ఇంకా మిగిలి ఉందన్న లెక్క మీద పడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పండుగల్ని, పుట్టినరోజుల్ని, వారానికొక రాత్రి అందరూ కలిసి తినే విందును ముందే రాసిపెట్టుకుంటారు. వేళకు లేవడం, వేళకు గడ్డం గీసుకోవడం, బల్ల దగ్గర కూర్చుని తినడం అక్కడ మందుతో సమానం. ఎంపికలో కూడా మాటకారులకన్నా, తగువు పెంచకుండా పక్కకు తప్పుకోగలిగినవాళ్లకు విలువ ఎక్కువ.

సామాను సర్దడంలో ఒక పని తప్పనిసరిగా ఉంటుంది. అది మన్ననూర్ వాళ్లు అందరికన్నా శ్రద్ధగా చేయాల్సింది. జేబుల మూలలు, సంచి కుట్లు, బూటు అడుగులు, అంటుకునే పట్టీలు, అన్నిటినీ వాక్యూమ్ పెట్టి శుభ్రం చేయాలి. 2007-08 కాలంలో అంటార్కిటికా వెళ్లినవాళ్ల బట్టలు, సామాన్లు వెతికితే, గింజలు అంటుకుని ఉన్నవాళ్ల దగ్గర మనిషికి సగటున 9.5 గింజలు దొరికాయి. ఎవరూ కావాలని తెచ్చినవి కావు. కింగ్ జార్జ్ దీవిలో పోలండ్ కేంద్రం చుట్టూ పోవా ఆన్యువా అనే మామూలు గడ్డి అలాగే చేరి పాతుకుపోయింది. పరదేశపు మొక్క ఒకటి అడవిలో అడుగుపెడితే ఏమవుతుందో నల్లమలలో తిరిగేవాళ్లకు కళ్లముందే ఉంది. అమ్రాబాద్ పులుల అడవిలో లాంటానా పొదలు గడ్డిని మింగేసి జింకలకు మేత లేకుండా చేస్తున్నాయి, దారుల పక్కన వయ్యారిభామ దట్టంగా పెరిగింది. అంటార్కిటికాలో ఆ తప్పు జరగకముందే ఆపడానికి ఇంకా అవకాశం ఉంది. అక్కడ సహజంగా పూసే మొక్కలు రెండంటే రెండే జాతులు.

చట్టం కూడా గట్టిదే. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం ఆ ఖండాన్ని శాంతికీ విజ్ఞానానికీ కేటాయించారు. గనులు తవ్వకూడదు. బయటి మట్టిని తేకూడదు. ఊరి మట్టి గుప్పెడు మూటగట్టుకుని వెళ్దామన్నా కుదరదు. బండ్లు లాగే కుక్కల్ని కూడా 1994 కల్లా పంపించేశారు. మన పార్లమెంటు 2022లో భారత అంటార్కిటికా చట్టం చేశాక, మన దేశం నుంచి యాత్రగా వెళ్లేవాళ్లకు అనుమతి పత్రం తప్పనిసరి అయింది. చెత్తను మళ్లీ ఓడెక్కించి వెనక్కి తేవాలి.

సొంత డబ్బుతో వెళ్లడం మన పల్లెల వాళ్లకు అయ్యే పని కాదు. కానీ గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ప్రతి ఏటా పంపే జట్టులో శాస్త్రవేత్తలు మాత్రమే ఉండరు. 1981 డిసెంబరు 6న గోవా నుంచి 21 మందితో తొలి యాత్ర బయలుదేరినప్పటి నుంచీ ఓడ నుంచి సామాను దించేవాళ్లు, బండి నడిపేవాళ్లు లేకుండా అక్కడ ఏ పనీ సాగలేదు. డాక్టర్లు, వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, జనరేటర్ మెకానిక్‌లు, రేడియో ఆపరేటర్లు కావాలని ఆ సంస్థ ప్రకటనలు ఇస్తుంది. అచ్చంపేటలోనో నాగర్‌కర్నూల్‌లోనో డీజిల్ మెకానిక్ పని నేర్చిన కుర్రాడికి ఇంజను తెలుసు. తెలియనివి కొన్నే. మామూలు డీజిల్ ఆ చలికి మైనంలా చిక్కబడి గొట్టాల్లో ఆగిపోతుంది కాబట్టి దానికి వేరే ఇంధనం ఉంటుంది. రబ్బరు గొట్టం గాజులా విరుగుతుంది. ఇనుము పెళుసెక్కుతుంది, ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం దానికి అంటుకుపోతుంది. ఇవి ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకవు. పాత జట్టు వెనుదిరిగే ముందు కొన్నాళ్లు కొత్త జట్టుతో కలిసి ఉంటుంది. ఏ జనరేటర్ ఏ శబ్దం చేస్తే ఏమని అర్థమో, ఏ తలుపు గాలికి ఏ వైపు తెరవాలో, ఏ మంచు మీద అడుగు పెట్టకూడదో ఒక్కొక్కటిగా చూపించి, తాళాలతో పాటు అప్పగించి ఓడెక్కుతుంది.